కత్తి దించే వేషం

బుధవారం పొద్దున మూత తిప్పడానికి వేళ్ళు రాలేదు.
రక్తం సీసా మూత. పద్దెనిమిదేళ్ళుగా
రోజుకు నూరు తిప్పిన చేతులివి.
పక్క బల్ల కుర్రాడు తీసిచ్చి నవ్వినాడు,
"ఏందక్కా, రాత్రి సంగటి తిన్లేదా?"
నేనూ నవ్వినాను.
కణుపులు మాత్రం రేగుపండ్ల మాదిరి ఉబ్బి, ఎర్రగా,
నావి కానట్టు.

ఇంటికొస్తే జాతర. కొర్లగుంట సందంతా వేపమండల వాసన.
తమ్ముడు చెంగల్రాయుడు ఒళ్ళంతా నామం సుద్ద పూసుకొని
రేల కాయల దండతో బైరాగై వాకిట్లో నిలబడినాడు.
మరునాడు కుంకుమ, బండ వేషం.
ఆ మరునాడు బొగ్గు పూసుకొని తోటి.
నోటికొచ్చిన బూతు తిట్టుకుంటా
గంగమ్మ వెతుకుతా ఉంది.
పాలెగాడు యాడ నక్కినాడో తెలీదు గదా,
అందుకే దినానికో రూపు.

నా మైక్రోస్కోపుకు అందని జాతర ఒకటుంది.
కొత్త క్రిమి వచ్చి ఏ కండ సందులోనో దూరితే
తెల్లకణాలు వేషాలు మారుస్తాయి:
ఇది కుదర్లేదు, ఇదీ కుదర్లేదు,
కొంచెం చెయ్యి వంచు, ఇంకొంచెం,
ఏ వేయింటికో ఒకటి సరిగ్గా కరుచుకుంటుంది.
ఇంక అదే దొర. అదొక్కటే లక్షలై వీధులు నింపుతుంది.
అన్ని దినాలూ మనం దుప్పటి కింద వణుకుతుంటాం.
జ్వరం వాడి బలమనుకుంటాం.
కాదు, అవి మన డప్పులు.

"మరి సూదెందుకు వదినా, బాగున్న బిడ్డకు?"
మరదలు పరిమళ అడిగింది,
ఒళ్ళో మూడున్నర నెలల పిల్ల, తొడ మీద చిన్న గడ్డ.
తల, తల్లీ. పాలెగాడి తల.
ఒళ్ళు లేదు, కత్తి లేదు, ఉత్త తల.
వీధి వీధీ తిప్పి చూపిస్తారు,
ఈ మీసం, ఈ కన్ను, గుర్తుపెట్టుకోండి అని.
రేపు నిజంగా వాడొస్తే వెతకబన్లేదు.
ఆ రాత్రంతా పిల్ల ఏడ్చింది.
ఊరేగింపు నడుస్తా ఉందిలే, అన్నాను.

శుక్రవారం నా రక్తం నేనే తీసుకున్నాను.
చీటీ మీద పేరు, వయసు నలభై రెండు.
దొర వేషం నాడు రిపోర్టు వచ్చింది.
ఇంకెవరిదో అయినట్టు మూడుసార్లు చదివినాను.
పాలెగాడు లేడు.
ఏ క్రిమి ఆనవాలూ లేదు.
కత్తి మాత్రం దిగుతానే ఉంది.
వాకిలిని, నీళ్ళ కుండని, దండెం మీది లంగాని,
ఎవర్ని చూసినా వాడే అనుకునే దొర ఒకడు
నా కీళ్ళల్లో తిరుగుతా ఉన్నాడు.
వాడు లేడని వీడికి
ఎవరు చెప్పాల?

ఆదివారం చెంగల్రాయుడు చీర కట్టినాడు. మాతంగి.
పాలెగాణ్ణి నరికిన ఆయమ్మే
వాడి పెండ్లాం గుండెలు బాదుకుంటుంటే
పోయి పక్కన కూర్చుందంట.
ఏడవొద్దు, అనిందంట.
చిన్నప్పట్నుంచీ ఆ వేషం నాకు చప్పగా ఉండేది.
నరుకుడు లేదు, తిట్టు లేదు,
సగంలోనే ఇంటికొచ్చి పడుకునేదాన్ని.

ఒంట్లోనూ ఉంటాయంట అట్లాంటి కణాలు.
కాలేజీలో చదివినాను, ఒక మార్కు ప్రశ్న.
చాలు, గెలిచినాం, దించు కత్తి అని
గెలిచినోళ్ళకు చెప్పడమే వాటి పని.
ఆ ఒక్క మార్కూ వదిలేసి వచ్చినట్టున్నాను.

ఇప్పుడు అన్నం తిన్నాక ఒక మాత్ర.
చీర కట్టని మాతంగి, నీళ్ళతో మింగాల.
ఎన్నేండ్లని అడిగితే డాక్టరమ్మ పెన్ను మూసి
జాతర ఏటేటా వస్తుంది గదా, అనింది.

పొద్దుగూకి తమ్ముడొచ్చి
కొంగు పిన్ను తియ్యమని భుజం తిప్పినాడు.
చెమట, పసుపు, కాటుక కారిన చెంప.
ఒకసారి జారింది. రెండోసారి గుచ్చుకుంది.
మూడోసారికి ఊడింది.
"నొప్పా, అక్కా?"
"మాట్లాడకుండా నిలబడు,
ఇంకోటుంది."